తుంపరతో ఇంజిన్‌కు ఊపిరి పోసిన మేబాక్

డిసెంబరు 29 వర్ధంతి సందర్భంగా..

* పదేళ్ల వయసులో తల్లిదండ్రులను కోల్పోయి అనాథాశ్రమానికి చేరిక
* 1893లో తుంపర కార్బురేటర్‌కు రూపకల్పన
* జంట కార్బురేటర్లతో 1901లో మోటారు ప్రపంచాన్ని ఆశ్చర్యపరచిన మెర్సిడెస్

మండల కేంద్రంలోని ఏ మెకానిక్ దుకాణానికి వెళ్లినా కనిపించే దృశ్యమే ఇది. పాత బండి ఒకటి స్టాండు మీద నిలబడి ఉంటుంది. ఇంజిన్ ఒకసారి ఎగసిపడుతుంది, మరోసారి ఆగిపోబోతుంది. మెకానిక్ చిన్న స్క్రూడ్రైవర్ చేతబట్టి, ఇంజిన్‌ను అంటిపెట్టుకుని ఉన్న డబ్బీ వంటి భాగంలోని స్క్రూను పావు చుట్టు బిగిస్తాడు, అర చుట్టు వదులు చేస్తాడు. చూపు ఎటో ఉంటుంది, చెవి మాత్రం ఇంజిన్ మీదే ఉంటుంది. కొద్ది క్షణాల్లో శబ్దం కుదుటపడుతుంది. ఆ డబ్బీ పేరే కార్బురేటర్. పెట్రోలును తుంపరగా మార్చి, తగుపాళ్లలో గాలితో కలిపి ఇంజిన్‌కు అందించడం దాని పని. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాక కొత్త ద్విచక్ర వాహనాల్లో చాలావరకు ఫ్యూయల్ ఇంజెక్షన్ దాని స్థానాన్ని ఆక్రమించింది. అయినా పల్లెల్లో తిరుగుతున్న పాత బండ్లకు నేటికీ కార్బురేటరే ప్రాణాధారం.

ఆ పరికరాన్ని నేడు మనం చూస్తున్న రూపానికి తెచ్చిన వారిలో అగ్రగణ్యుడు జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ మేబాక్. ఖరీదైన కార్ల మీద కనిపించే మేబాక్ అనే పేరు ఈ కుటుంబానిదే. అయితే ఆ పేరు వెనుక ఒక అనాథ బాలుడి కథ ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. చేసిన పనిలో ముందు వరుసలో, దక్కిన పేరులో రెండో వరుసలో నిలిచిన వ్యక్తి ఆయన.

వడ్రంగి ఇంట పుట్టి..

1846 ఫిబ్రవరి 9న జర్మనీలోని హైల్‌బ్రాన్ పట్టణంలో మేబాక్ జన్మించారు. తండ్రి వడ్రంగి. ఇంట్లో ఐదుగురు మగపిల్లలు. బతుకుదెరువు కోసం ఆ కుటుంబం స్టుట్‌గార్ట్‌కు తరలివెళ్లింది. విల్‌హెల్మ్‌కు ఎనిమిదేళ్ల వయసులో, 1854లో తల్లి కన్నుమూసింది. మరో రెండేళ్లకు తండ్రీ మరణించాడు. పదేళ్లకే ఆ బాలుడు దిక్కులేనివాడయ్యాడు. తల్లిదండ్రులు లేని ఈ పిల్లలను ఆదుకోవాలని కోరుతూ స్టుట్‌గార్ట్ పత్రికలో ప్రకటన వెలువడింది. ఆ ప్రకటన పుణ్యమా అని విల్‌హెల్మ్‌కు రాయిట్లింగెన్ పట్టణంలోని బ్రూడర్‌హౌస్‌లో ఆశ్రయం లభించింది.

బ్రూడర్‌హౌస్ అంటే సోదర నిలయం అని అర్థం. గుస్టావ్ వెర్నర్ అనే క్రైస్తవ బోధకుడు దానిని స్థాపించారు. అనాథలకు, నిరుపేదలకు అన్నం పెట్టడంతో సరిపెట్టకుండా చేతికి ఒక పని నేర్పించి పంపాలన్నది ఆయన సంకల్పం. అందుకే ఆ ఆశ్రమానికి అనుబంధంగా యంత్రాలు తయారుచేసే కర్మాగారం కూడా నడిచేది. విల్‌హెల్మ్‌కు బొమ్మలు గీయడంలోనూ, యంత్రాల అమరికను గ్రహించడంలోనూ ఉన్న నేర్పును వెర్నర్ గుర్తించారు. బాలుడిని డ్రాయింగ్ విభాగంలో చేర్చారు. పగలు కర్మాగారంలో పని, ఆపై పట్టణంలో తరగతులు. ఆ విధంగా గణితం, భౌతికశాస్త్రం, యంత్ర చిత్రలేఖనం అతనికి పట్టుబడ్డాయి. విశ్వవిద్యాలయం గడప తొక్కకుండానే ఇంజినీరు కాగలిగిన తరం అది. ఆ తరంలోనూ మేబాక్ మేటి.

డైమ్లర్‌తో జత

1860ల మధ్యకాలంలో బ్రూడర్‌హౌస్ కర్మాగారానికి అధిపతిగా వచ్చిన ఇంజినీరు గాట్లీబ్ డైమ్లర్. వయసులో మేబాక్ కంటే పన్నెండేళ్లు పెద్ద. మౌనంగా కూర్చుని గీతలు గీస్తున్న యువకుడిలో ఏదో ప్రత్యేకత ఉందని డైమ్లర్ పసిగట్టారు. అప్పటి నుంచి 1900లో డైమ్లర్ మరణించే వరకు ఆ స్నేహం చెక్కుచెదరలేదు. 1869లో డైమ్లర్ కార్ల్‌స్రూహెలోని యంత్ర కర్మాగారానికి మారగా, అదే ఏడాది మేబాక్ కూడా ఆయన వెంట నడిచారు. 1872లో ఇద్దరూ కొలోన్ సమీపంలోని డాయిట్జ్ గ్యాస్ ఇంజిన్ల కర్మాగారానికి చేరారు.

నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌తో చరిత్రకెక్కిన నికోలస్ ఒట్టో ఆ సంస్థ భాగస్వామి. 1876లో ఒట్టో ఇంజిన్ సాకారమయింది. దానిని కర్మాగారంలో వరుసగా తయారుచేయడానికి అనువైన రూపానికి తీర్చిదిద్దే పని ప్రధాన డిజైనర్‌గా మేబాక్ మీద పడింది. ఆ బాధ్యతను ఆయన సమర్థంగా నెరవేర్చారు. అదే ఏడాది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగిన ప్రపంచ ప్రదర్శనకు సంస్థ తరఫున వెళ్లివచ్చారు. 1878లో బెర్తా హాబెర్‌మెల్‌ను వివాహమాడారు. మరుసటి ఏడాది పెద్ద కుమారుడు కార్ల్ జన్మించాడు.

ఒట్టో ఇంజిన్‌కు ఒక పరిమితి ఉంది. అది పట్టణాల్లో గొట్టాల ద్వారా సరఫరా అయ్యే గ్యాసుతో నడిచేది. గ్యాసు గొట్టం ఉన్నచోటే ఇంజిన్ ఉండాలి. తాడుతో కట్టేసిన ఎద్దులా అది కట్టుకొయ్య దాటి వెళ్లలేదు. బరువు కూడా ఎక్కువ. నిమిషానికి తిరిగే చుట్లు రెండు వందల లోపే. దానిని బండికి బిగించాలంటే ఇంజిన్ తేలికపడాలి, వేగం పెరగాలి, ఇంధనం వెంట తీసుకెళ్లగలిగేదై ఉండాలి. డైమ్లర్, మేబాక్ కన్న కల అదే. యాజమాన్యంతో డైమ్లర్‌కు పొసగకపోవడంతో 1882లో ఇద్దరూ డాయిట్జ్‌ను వీడారు.

తోటలోని షెడ్డులో..

స్టుట్‌గార్ట్ పక్కనే ఉన్న కాన్‌స్టాట్‌లో డైమ్లర్ ఒక ఇల్లు కొన్నారు. ఆ ఇంటి తోటలోని అద్దాల గదిని పెంచి ప్రయోగశాలగా మార్చుకున్నారు. పని రహస్యంగా సాగేది. రాత్రింబవళ్లు సుత్తి చప్పుళ్లు వినిపిస్తుండడంతో దొంగనాణేలు ముద్రిస్తున్నారని తోటమాలికి అనుమానం వచ్చిందని, అతని సమాచారంతో పోలీసులు సోదా చేయగా పనిముట్లు, ఇంజిన్ భాగాలు తప్ప మరేమీ దొరకలేదని నేటికీ చెప్పుకుంటారు.

1883 నాటికి నిమిషానికి 600 చుట్లు తిరిగే ఇంజిన్ సిద్ధమయింది. 1885లో దానిని రెండు చక్రాల బండికి అమర్చారు. పడిపోకుండా ఇరువైపులా చిన్న చక్రాలున్న ఆ కొయ్య బండిని పెట్రోలు మోటార్‌సైకిళ్లకు మూలపురుషునిగా పరిగణిస్తారు. 1886లో నాలుగు చక్రాల బండికి, ఆపై పడవకు కూడా ఇంజిన్ బిగించారు. 1889 పారిస్ ప్రదర్శనలో వారు ఉంచిన ఉక్కు చక్రాల కారుకు రెండు సిలిండర్ల ఇంజిన్, నాలుగు గేర్లు ఉన్నాయి. ఆ కారు గీతలు మేబాక్‌వే.

ఆనాటి కార్బురేటర్ పనితీరు మాత్రం ఇద్దరినీ వేధిస్తూనే ఉంది. ఒక పాత్రలో పెట్రోలు పోసి, దాని మీదుగా గాలిని లాగితే ఆవిరి కలిసి వస్తుంది. దానిని ఉపరితల కార్బురేటర్ అనేవారు. చూడటానికి సులువే గాని చిక్కులు అనేకం. ఎండ కాస్తే ఆవిరి ఎక్కువ, చలి వేస్తే తక్కువ. బండి కుదుపులకు పెట్రోలు ఎగిరిపడితే పాళ్లు తారుమారు. పైగా పెట్రోలులోని తేలిక భాగం ముందే ఆవిరైపోయి, అడుగున సరిగా మండని బరువు భాగం మిగిలిపోయేది. ఉదయం చక్కగా నడిచిన బండి సాయంత్రానికి మొరాయించేది.

హోటల్ హాలులో పుట్టిన తుంపర

1890 నవంబరులో వ్యాపారవేత్తలు మాక్స్ డుట్టెన్‌హోఫర్, విల్‌హెల్మ్ లోరెంజ్‌ల పెట్టుబడితో డైమ్లర్ మోటార్ల సంస్థ ఏర్పడింది. పేరు డైమ్లర్‌దే అయినా పెత్తనం పెట్టుబడిదారుల చేతికి వెళ్లింది. మేబాక్‌కు వారు చూపిన ఒప్పంద షరతులు ఆయనకు సమ్మతం కాలేదు. 1891 ఫిబ్రవరిలో ఆయన బయటకు వచ్చేశారు. అప్పటికి ఆయనకు 45 ఏళ్లు. చేతిలో ఉద్యోగం లేదు. ఇంట్లోనే బల్ల వేసుకుని గీతలు గీశారు. స్నేహితుడిని డైమ్లర్ విడిచిపెట్టలేదు. 1892లో కాన్‌స్టాట్‌లో మూతపడిన హెర్మన్ హోటల్ హాలును అద్దెకు తీసుకుని, కొద్దిమంది పనివారితో, సంస్థ పెద్దల కంట పడకుండా ఇద్దరూ మళ్లీ పని మొదలుపెట్టారు.

ఆ హోటల్ హాలులోనే 1893లో తుంపర కార్బురేటర్ రూపుదిద్దుకుంది. దాని సూత్రం చెప్పుకోవడానికి సులభం. ఒక చిన్న గదిలో పెట్రోలు ఉంటుంది. అందులో తేలే బుడ్డి వంటి ఫ్లోట్, ఇంటి నీళ్ల ట్యాంకులోని తేలుడు బంతి మాదిరిగా, పెట్రోలు మట్టం పెరగగానే దారి మూస్తుంది, తగ్గగానే తెరుస్తుంది. కాబట్టి మట్టం ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది. ఆ గది నుంచి సన్నని రంధ్రమున్న జెట్ ఒకటి గాలి గొట్టంలోకి వస్తుంది. పెట్రోలు మట్టం జెట్ మూతికి కొద్దిగా దిగువన నిలిచి ఉంటుంది. పిస్టన్ కిందికి దిగినప్పుడు గాలి లోపలికి దూసుకువస్తుంది. ఆ లాగుడుకు జెట్ మూతి నుంచి పెట్రోలు సన్నని తుంపరగా చిమ్మి గాలిలో కలిసిపోతుంది. గాలి ఎక్కువ లాగితే తుంపర ఎక్కువ, తక్కువ లాగితే తక్కువ. అత్తరు సీసా నుంచి చిమ్మే జల్లులాంటిదే ఇదీ. తేలిక భాగం, బరువు భాగం అన్న తేడా లేకుండా పెట్రోలు మొత్తం సమంగా ఖర్చవుతుంది. చలికి, కుదుపులకు పాళ్లు చెదరవు.

న్యాయంగా మరో సంగతి కూడా చెప్పుకోవాలి. అదే 1893 ఫిబ్రవరిలో హంగరీకి చెందిన దోనాత్ బాంకి, యానోష్ చోంకా ఇటువంటి కార్బురేటర్‌కే బుడాపెస్ట్‌లో పేటెంటు దరఖాస్తు దాఖలు చేశారు. మేబాక్ ఫ్రాన్స్‌లో పేటెంటు తీసుకున్నది ఆగస్టులో. కొన్ని వందల మైళ్ల దూరంలో ఉన్నవారికి ఒకే ఏడాది ఒకే ఆలోచన తట్టింది. దానిని బండ్ల మీదకు ఎక్కించి, పందేలలో గెలిపించి, లోకమంతటికీ చేరవేసిన ఘనతలో మేబాక్ వాటా పెద్దది.

హోటల్ హాలులో తయారైన ఫీనిక్స్ ఇంజిన్‌కు విదేశాల్లోనూ గిరాకీ వచ్చింది. దాని హక్కుల కోసం 3,50,000 మార్కులు చెల్లించడానికి బ్రిటన్‌లో వ్యాపారం చేస్తున్న ఫ్రెడరిక్ సిమ్స్ ముందుకొచ్చారు. అయితే డైమ్లర్ తిరిగి సంస్థలోకి రావాలన్నది ఆయన షరతు. ఆ విధంగా 1895 నవంబరులో డైమ్లర్‌తో పాటు మేబాక్ కూడా సంస్థలోకి తిరిగివచ్చి సాంకేతిక డైరెక్టర్ అయ్యారు. బయటకు పంపిన చేతులతోనే మళ్లీ లోపలికి పిలవాల్సి వచ్చింది.

నాలుగు సిలిండర్లు.. రెండు కార్బురేటర్లు

1900 మార్చి 6న డైమ్లర్ కన్నుమూశారు. ఆ దుఃఖం తీరకముందే మేబాక్ ముందుకు పెద్ద పని వచ్చిపడింది. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని నీస్ నగరంలో కార్లు అమ్మే ఎమిల్ జెల్లినెక్ అనే సంపన్న వ్యాపారి డైమ్లర్ కార్లకు ప్రధాన కొనుగోలుదారు. ఆ నెలాఖరులోనే నీస్ వద్ద కొండ ఎక్కే పందెంలో డైమ్లర్ కారు ప్రమాదానికి గురై డ్రైవర్ విల్‌హెల్మ్ బావర్ మృతిచెందాడు. ఎత్తుగా, పొట్టిగా ఉన్న బండికి బలమైన ఇంజిన్ తగిలిస్తే బోల్తా కొట్టక మానదని తేలిపోయింది. పొడవుగా, వెడల్పుగా, నేలకు దగ్గరగా ఉండే కారు కావాలని జెల్లినెక్ పట్టుబట్టారు. 36 కార్లకు ఒకేసారి 5,50,000 మార్కుల ఆర్డరు ఇచ్చారు. కొత్త కారుకు తన కుమార్తె మెర్సిడెస్ పేరు పెట్టాలన్నారు.

మేబాక్ కొన్ని నెలల్లోనే ఆ కారును గీసి ఇచ్చారు. 1900 డిసెంబరు 22న మొదటి కారు జెల్లినెక్‌కు చేరింది. నాలుగు సిలిండర్ల ఆ ఇంజిన్ సామర్థ్యం 5.9 లీటర్లు, శక్తి 35 హెచ్‌పీ. సిలిండర్లను రెండేసి చొప్పున రెండు జతలుగా పోతపోశారు. ఒక్కో జతకు ఒక్కో తుంపర కార్బురేటర్ అమర్చారు. అంతకుముందు ఇంజిన్లలో గాలి లోపలికి వచ్చే వాల్వులు పిస్టన్ లాగుడుకు వాటంతట అవే తెరుచుకునేవి. మేబాక్ వాటిని కూడా క్యామ్‌షాఫ్ట్‌తో తెరిపించారు. ఇంజిన్ వేడి తగ్గించడానికి 8,070 సన్నని గొట్టాలను తేనెపట్టులా కూర్చిన రేడియేటర్ నిలిపారు. స్టీరింగ్ వద్ద ఉన్న మీటతో ఇంజిన్‌ను నిమిషానికి 300 చుట్ల నుంచి 1,000 చుట్ల వరకు డ్రైవర్ తన ఇష్టం వచ్చినట్లు నడపగలిగేవాడు.

రెండు కార్బురేటర్లు ఎందుకన్న ప్రశ్న సహజం. నాలుగు సిలిండర్లకు ఒకే కార్బురేటర్ పెడితే దగ్గరి సిలిండర్లకు ఒక తీరుగా, దూరపు వాటికి మరో తీరుగా మిశ్రమం చేరుతుంది. పొడవాటి గొట్టం మలుపుల్లో పెట్రోలు బొట్లు గోడలకు అంటుకుని కారిపోతాయి. ఊరి చివరి పొలానికి కాలువ నీరు సరిగా అందకపోవడం రైతులకు తెలిసిన బాధే. రెండు కార్బురేటర్లు పెడితే గొట్టాలు పొట్టివవుతాయి, ప్రతి సిలిండర్‌కు దాహం తీరుతుంది. కానీ కొత్త చిక్కు ఒకటి మొదలవుతుంది. ఆ రెండూ ఒకే మాట మీద నడవాలి. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ ఇస్తే, జోడెద్దుల్లో ఒకటి లాగుతూ మరొకటి ఈడ్చుకుపోతున్నట్లు ఇంజిన్ కుంటుతుంది. బలం పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

చెవితో పట్టే లెక్క

ఒకటికి మించి కార్బురేటర్లున్న పాత ఇంజిన్లను ట్యూన్ చేసే పద్ధతి ఈ చిక్కు నుంచే పుట్టింది. మేబాక్ తర్వాతి దశాబ్దాల్లో మెకానిక్‌ల చేతుల్లో అది స్థిరపడింది. పాత వాహనాలను ప్రేమగా కాపాడుకునేవారు నేటికీ దాదాపు ఇదే క్రమాన్ని పాటిస్తారు.

మొదట కార్బురేటర్‌ను ముట్టుకోకూడదు. వాల్వుల సందు, ప్లగ్గులు, స్పార్క్ పడే సమయం సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. వీటిలో లోపం ఉంటే ఎన్ని స్క్రూలు తిప్పినా ప్రయోజనం ఉండదు. కార్బురేటర్‌దని భావించే జబ్బు తరచూ ప్లగ్గులోనో, పాయింట్లలోనో బయటపడుతుంది. తర్వాత అన్ని కార్బురేటర్లలో ఒకే సైజు జెట్లు ఉన్నాయా, ఫ్లోట్ మట్టం సమంగా ఉందా అని పరిశీలించాలి. కార్బురేటర్‌కు, ఇంజిన్‌కు మధ్య ప్యాకింగ్ దగ్గర దొంగగాలి లాగకుండా చూడాలి. అటుపై ఇంజిన్‌ను బాగా వేడెక్కనివ్వాలి. చల్లని ఇంజిన్ మీద కుదిర్చిన లెక్క వేడెక్కగానే తప్పుతుంది.

అప్పుడు కార్బురేటర్లను కలిపే కడ్డీని వదులు చేసి, దేని దారి దానిదిగా విడదీయాలి. రబ్బరు గొట్టం ఒక కొసను చెవి దగ్గర, మరో కొసను కార్బురేటర్ నోటి దగ్గర ఉంచి గాలి లాగే శబ్దాన్ని వినాలి. ఒకదాని దగ్గర హోరు ఎక్కువగా ఉంటే అది ఎక్కువ తెరుచుకున్నట్లు. రెండింటి దగ్గరా ఒకే స్థాయిలో శబ్దం వినిపించే వరకు స్లో స్క్రూలను సరిచేయాలి. ఇప్పుడు ఇందుకు గేజీలు వచ్చాయి గాని, చేయి తిరిగిన మెకానిక్ చెవి చాలాసార్లు వాటికి తీసిపోదు. గాలి సమం అయ్యాక మిశ్రమం వంతు వస్తుంది. ఒక్కో కార్బురేటర్‌ను విడివిడిగా, పావు చుట్టు చొప్పున సరిచేసి, ఇంజిన్ సాఫీగా తిరిగే చోట ఆపాలి. మిశ్రమం మారితే వేగం మారుతుంది కనుక గాలి లెక్కను మళ్లీ ఒకసారి చూసుకోవాలి. చివరగా కడ్డీని బిగించి, యాక్సిలరేటర్ తాకిన క్షణంలోనే రెండూ ఒకేసారి కదులుతున్నాయో లేదో చూడాలి. స్లోలో సరిపోయి, కదిలించినప్పుడు ఒకటి వెనుకబడితే పికప్ ఉండదు.

కొంత దూరం నడిపి ప్లగ్గులు విప్పి చూస్తే ఫలితం తెలిసిపోతుంది. మసిపట్టి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతున్నట్లు. తెల్లగా పాలిపోయి ఉంటే తక్కువై ఇంజిన్ మితిమీరి వేడెక్కుతున్నట్లు. అన్ని ప్లగ్గులూ ఒకే తీరుగా బిస్కెట్టు రంగులో ఉంటే పని పూర్తయినట్లే. 1980లలో మన దేశంలో తయారైన రాజ్‌దూత్ 350 మోటార్‌సైకిల్‌కు రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు ఉండేవి. ఆ బండి మీద చేయి వేయడానికి మెకానిక్‌లు ఎందుకు జంకేవారో, దానిని కుదిర్చినవారికి ఎందుకు పేరొచ్చేదో దీనిని బట్టి ఊహించవచ్చు.

గెలుపు ఒకరిది.. పేరు మరొకరిది

1901 మార్చిలో నీస్‌లో జరిగిన పందేలలో మెర్సిడెస్ కారు ఇతరులకు అందనంత ముందు నిలిచింది. గుర్రపు బండికి ఇంజిన్ తగిలించినట్లుండే పాత రూపం ఆ వారంతో ముగిసింది. నేటి కారు రూపం అక్కడ మొదలయింది. ఫ్రాన్స్‌లో మేబాక్‌ను డిజైనర్ల రాజుగా కీర్తించారు. అయితే కారుకు వ్యాపారి కుమార్తె పేరు, సంస్థకు మిత్రుడి పేరు స్థిరపడ్డాయి. గీసిన చేతి పేరు గీతల అడుగునే ఉండిపోయింది.

1903 జూన్‌లో కాన్‌స్టాట్ కర్మాగారం అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఐర్లండ్‌లో జరగనున్న గోర్డన్ బెన్నెట్ పందెం కోసం సిద్ధం చేసిన 90 హెచ్‌పీ కార్లు బూడిదయ్యాయి. వినియోగదారు వద్ద నుంచి అడిగి తెచ్చిన 60 హెచ్‌పీ మెర్సిడెస్‌తో కామిల్ జెనాట్జీ ఆ పందెంలో విజయం సాధించాడు. పందెం కోసం ప్రత్యేకంగా తయారైనది కాకపోయినా, రోజూ వాడే బండే గెలిచిందంటే దాని రూపకల్పన ఎంత పటిష్ఠమో అర్థమవుతుంది.

ఇంత చేసినా సంస్థలో మేబాక్ మాట చెల్లుబాటు కావడం క్రమంగా తగ్గింది. డైమ్లర్ లేని లోటు అప్పుడు ఆయనకు తెలిసొచ్చింది. పెద్ద నిర్ణయాలకు ఆయనను దూరంగా ఉంచి, కొత్త ఆవిష్కరణల విభాగం పేరిట పక్కన కూర్చోబెట్టారు. ఆ స్థితిలోనూ 1906లో పందెపు కారు కోసం ఆరు సిలిండర్ల ఇంజిన్‌ను ఆయన రూపొందించారు. 1907 ఏప్రిల్ 1న మౌనంగా సంస్థను వీడారు. అప్పటికి వయసు 61 ఏళ్లు.

నేల నుంచి నింగికి

మరొకరైతే అక్కడితో విశ్రమించేవారే. 1908 ఆగస్టులో కౌంట్ జెప్పెలిన్ నిర్మించిన గాలినౌక ఎఖ్టర్‌డింగెన్ వద్ద తుపాను గాలికి కొట్టుకుపోయి కాలిపోయింది. గాలినౌకలకు నమ్మదగిన ఇంజిన్ అవసరమని గుర్తించిన మేబాక్, జెప్పెలిన్‌ను సంప్రదించారు. 1909లో ఇంజిన్ల తయారీ సంస్థ ఏర్పడింది. సాంకేతిక బాధ్యత కుమారుడు కార్ల్ చేపట్టగా, తండ్రి వెనుక నిలిచి సలహాలిచ్చారు. 1912లో సంస్థ ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌కు తరలింది. కాలక్రమంలో సంస్థకు మేబాక్ పేరే వచ్చింది. 1921లో కార్ల్ కార్ల తయారీకి కూడా శ్రీకారం చుట్టారు. జీవితమంతా ఇతరుల పేర్ల కింద పనిచేసిన మనిషి పేరు ఆ విధంగా కారు ముందు భాగానికి ఎక్కింది.

విశ్వవిద్యాలయంలో చదవని మేబాక్‌కు 1916లో స్టుట్‌గార్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. 1929 ఆగస్టులో గ్రాఫ్ జెప్పెలిన్ గాలినౌక భూమిని చుట్టివచ్చింది. దానిని నడిపించినవి ఐదు మేబాక్ ఇంజిన్లు. గ్యాసు గొట్టానికి కట్టేసి ఉన్న ఇంజిన్‌ను తాడు తెంపి బండెక్కించాలని కలగన్న మనిషి, కుమారుడి ఇంజిన్లు భూగోళాన్నే చుట్టిరావడం కళ్లారా చూశారు. అదే ఏడాది డిసెంబరు 29న స్టుట్‌గార్ట్‌లో 83 ఏళ్ల వయసులో ఆయన తుదిశ్వాస విడిచారు. కాన్‌స్టాట్‌లోని శ్మశానవాటికలో, మిత్రుడు డైమ్లర్ నిద్రిస్తున్న ప్రాంగణంలోనే ఆయనను ఖననం చేశారు.

తల్లిదండ్రులు లేని పిల్లవాడికి నాడు ఒక ఆశ్రమం తిండితో పాటు పెన్సిలు, స్కేలు ఇచ్చింది. అతనిలోని నేర్పును చూసిన కళ్లు రెండు. ఒకటి వెర్నర్‌ది, మరొకటి డైమ్లర్‌ది. మన జిల్లాలోని వసతిగృహాల్లో, ఐటీఐ తరగతుల్లో అటువంటి పిల్లలు ఉండకపోరు. యంత్రం విప్పి చూడాలని ఉబలాటపడే చేతిని గద్దించకుండా, దానికి ఒక పనిముట్టు అందించే పెద్దవారు దొరకడమే కావలసింది. ఈ నెల 29న ఏ మెకానిక్ దుకాణంలోనైనా పాత ఇంజిన్ కుదుటపడిన శబ్దం వినిపిస్తే, ఆ శబ్దం వెనుక రాయిట్లింగెన్ ఆశ్రమ బాలుడి కృషి కూడా ఉందని గుర్తుచేసుకోవడం సముచితం.